పదును పట్టిన ఆకు

పోయిన చలికాలంలో, పత్రిక డెస్కులో ఒకప్పుడు నాతో కలిసి పనిచేసిన ఒక అబ్బాయి చైనా వెళ్ళివచ్చి నా కోసం ఒక రేకు డబ్బా తెచ్చాడు. అరచేతిలో ఇమిడేంత డబ్బా. లోపల ముడుచుకుని పడుకున్న సన్నటి పచ్చటి ఆకులు. "మేడమ్, ఇది సంచుల్లో కట్టి అమ్మే పొడి కాదు, కొండల మీద చేత్తో కోసిన ఆకు. నీళ్ళు మరీ మరగనివ్వొద్దట" అని చెప్పి, పాలు పోసి పాడుచేస్తానేమోనని అనుమానంగా చూస్తూ వెళ్ళాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆదివారం పేజీలకు గ్రీన్ టీ మీద వచ్చిన వ్యాసాలు ఎన్ని దిద్దానో లెక్కలేదు. బరువు తగ్గుతుందని ఒకరు, చర్మం మెరుస్తుందని ఒకరు, గుండెకు మంచిదని మరొకరు. వాటిలో ఒక్కదానిలోనూ నాకు తెలిసిన టీ కనిపించలేదు.

అమ్మ ఇప్పుడు ఖమ్మంలో నాతోనే ఉంటుంది. ఎనభై దాటింది. చెవులు మందగించాయి గానీ ముక్కు మాత్రం అలాగే ఉంది. పక్కింటి వాళ్ళ పోపులో ఇంగువ ఎక్కువైతే ఇక్కణ్ణుంచే చెబుతుంది. నేను డబ్బా మూత తీసే వేళకు ఆమె వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"పద్మా, ఏందే ఆ వాసన? ఆ ఆకుదేనా?"

"అవ్ అమ్మా, అదే. తాగుతవా?"

"పట్కరా, చూస్తా."

కరెంటు కెటిల్లో నీళ్ళు కాచాను. దాని మీద అంకెలు కనిపిస్తాయి. ఎంత వేడికి ఆపాలో డబ్బా మీద అచ్చువేసి ఉంది. గాజు గ్లాసులో చిటికెడు ఆకు వేసి నీళ్ళు పోస్తే ఆకులు ముందు పైన తేలి, తరవాత ఒక్కొక్కటే విచ్చుకుని, నిలువుగా నిలబడి, మెల్లగా అడుక్కి దిగాయి. నీళ్ళు పెసరకట్టు మీది తేట రంగుకు వచ్చాయి. అమ్మ గ్లాసును రెండు చేతులా పట్టుకుని వాసన చూసి, గుక్కెడు తాగి, ఇంకో గుక్కెడు తాగి, పక్కన పెట్టింది.

"మంచిగనే ఉంది. కానీ ఇది కాదు."

"అదే దేశందమ్మా, అదే ఆకు."

"ఏమో. ఇది కాదు," అని మళ్ళీ చిక్కుడుకాయలు ముందుకు లాక్కుంది.

ఎవరో రాసింది చదివి ఇది కాదని వెనక్కి పంపడం నా వృత్తిలో రోజువారీ పని. అలా పంపినప్పుడు ఏది కావాలో చెప్పలేక తడబడిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఈసారి వెనక్కి వచ్చింది నా గ్లాసు. అమ్మకు ఏది కావాలో నాకు తెలుసు. అది ఏ కొట్లోనూ దొరకదని కూడా తెలుసు.

టేకులపల్లి దాటి అడవిలోకి పోయే మట్టిబాట మీద మా ఊరు. నాయిన తునికాకు కల్లేదారు. వేసవి మొదట్లో తునికిచెట్లు లేత ఆకు వేస్తాయి. బీడీలు చుట్టేది ఆ ఆకుతోనే. చుట్టుపక్కల గూడేల వాళ్ళు తెల్లవారకముందే అడవిలోకి పోయి ఆకు కోసి, కట్టలు కట్టి, ఎండ ముదిరే వేళకు కల్లానికి తెచ్చేవాళ్ళు. కల్లం అంటే ఊరి బయట చదును చేసిన ఇసుకనేల. తెలుగూ కోయమాటా కలగలిసిన సందడి ఆ నెలంతా అక్కడ వినిపించేది. కట్టల్ని వరసలుగా పేర్చి ఆరబెట్టడం, ఒకవైపు ఎండాక తిరగేయడం, ఎండినవి ఎత్తడం, ఇవన్నీ చూసుకోవడం నాయిన పని. బాగా ఎండిన ఆకు పెళుసుగా ఉంటుంది, ముట్టుకుంటే పొడి అవుతుంది. అందుకని సంచులకు ఎత్తే ముందు దాని మీద నీళ్ళు చిలకరించి, గోనెపట్టాలు కప్పి, ఒక రాత్రి ఉంచుతారు. పొద్దునకల్లా ఆకు ఆ తేమ పీల్చుకుని తోలులా మెత్తబడుతుంది. దాన్ని పదును పట్టడం అంటారు. నీళ్ళు తక్కువైతే ఆకు విరుగుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. నాయిన ఆ పని కూలివాళ్ళకు వదిలేవాడు కాదు. వేపరెమ్మ బకెట్లో ముంచి, రెండుసార్లు గాలిలోకి విదిలించి, మిగిలిన తడిని ఆకు మీదికి చిమ్మేవాడు. నడుస్తూ చిమ్ముతుంటే పసుపునీళ్ళు చల్లుతున్నట్టు ఉండేది. ఆ నెలల్లో ఆయన చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా గోనె వాసన, ఎండిన తునికాకు వాసన పోయేవి కావు. ఆ వాసన గుమ్మంలోకి వచ్చాక వెనకాల నాయిన వచ్చేవాడు.

కల్లంలో అంత ఒడుపున్న చెయ్యి ఇంట్లో ఏ పనీ ఎరగదు. నులక మంచం మీద కూర్చుని ఒకసారి "ఓయ్" అంటే చాయ్ అని, రెండోసారి "ఓయ్" అంటే మంచినీళ్ళని అమ్మకు అర్థం. ఆయన చెడ్డవాడని కాదు. మా వాడకట్టులో మగవాళ్ళందరూ అలాగే ఉండేవాళ్ళు, అది ఎవరికీ లోటుగా తోచేది కాదు. అమ్మ చీకటితోనే లేచి కల్లాపి చల్లి, బర్రె పాలు పిండి, పెద్ద సత్తుగిన్నె పొయ్యి మీద పెట్టేది. పాలు, బెల్లం, దంచిన అల్లం, టీ పొడి అన్నీ కలిసి మూడు పొంగులు వచ్చాక తెల్లగుడ్డలో వడబోసేది. ఇంట్లో వాళ్ళకు ఒక్కో గ్లాసు పోసి, మిగిలింది క్యాన్లో పట్టుకుని కల్లానికి నడిచేది. మధ్యాహ్నం అక్కడే ఉండి, దబ్బనం, పురికొస తీసుకుని, ఆకు నింపిన సంచుల మూతులు కుట్టేది. నాయినమ్మకు మాత్రం టీ ఇత్తడి గిన్నెలో పోయాలి. పళ్ళులేని నోటితో ఊదుకుంటూ, చప్పుడు చేసుకుంటూ తాగి, "ఇయ్యాల అల్లం దంచినవా, చూపించినవా?" అని కోడలికి ఓ మాట వేసి గానీ గిన్నె కింద పెట్టేది కాదు. అమ్మ వినిపించుకోనట్టే ఉండి, మర్నాడు అల్లం ఇంకో ముక్క ఎక్కువ దంచేది.

నేను కొత్తగూడెంలో డిగ్రీ చదువుతూ వేసవి సెలవులకు ఇంటికి వచ్చిన ఏడాది, తొంభైల మొదట్లో, అమ్మకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందు, పథ్యం, తరవాత దవాఖానా మందులు అన్నీ అయ్యాయి. కళ్ళలో పసుపు పోయింది గానీ తిండి ఎక్కలేదు. నూనె వాసన తగిలితే వాంతి. పాలు పొంగిన వాసన వస్తే మంచం మీంచి తల కిందికి వాల్చేసేది. ఏళ్ళ తరబడి కల్లం మొత్తానికీ పాలు కాచిన మనిషి, ఇంట్లో ఎవరైనా టీ తాగిన గ్లాసుతో దగ్గరికి వస్తే ముఖం తిప్పుకునేది. గంజి ఇస్తే గంజి, కొబ్బరినీళ్ళు ఇస్తే కొబ్బరినీళ్ళు, ఏదీ కడుపులో నిలవలేదు. మెడ ఎముకలు తేలాయి. గాజులు మోచేతి దాకా జారిపోతుంటే తీసి గూట్లో పెట్టింది. దవాఖానాలో డాక్టరు నాయినతో, "ఏదో ఒకటి లోపలికి పోవాలె పెద్దాయనా. నీళ్ళన్నా సరే, నిలవాలె. ఇట్లనే ఉంటే మనిషి దక్కదు" అన్నాడు. నాయిన ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. దారంతా సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు, ఎక్కలేదు.

సరిగ్గా అప్పుడే కల్లం నడిచే రోజులు. అమ్మ బదులు నేనే టీ క్యాను పట్టుకుని పోయేదాన్ని. ఒక ఆదివారం బాట మీద జీపు ఆగింది. బొగ్గుబాయిలో కొత్త యంత్రాలు బిగించడానికి చైనా నుంచి ఇంజినీర్లు వచ్చారని, గెస్ట్ హౌసులో ఉంటున్నారని ఊళ్ళో అనుకుంటూనే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన అడవి చూడాలని వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు, మా ఎండకు ముఖం కందిపోయి ఉంది. ఆయన పేరు మా నోళ్ళకు పలకలేదు, ఇంజినీరు సాబ్ అనేవాళ్ళం. జీపు నడిపే యాకూబ్ ఎల్లందు మనిషి, నాయినకు ఎరుకే. ఇంజినీరు సాబ్ చేతిలో మూత బిగించిన గాజు సీసా ఉంది. అందులో లేత రంగు నీళ్ళు, అడుగున ఆకులు. కల్లంలో పిల్లలు చుట్టూ చేరి, "సీసాల గడ్డి నానబెట్టిండు" అని ఒకటే నవ్వు. ఆయన అదేమీ పట్టించుకోకుండా వంగి, ఆరేసిన కట్టలోంచి ఒక తునికాకు తీసి, వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. నాయిన ఎలా చూస్తాడో అచ్చం అలాగే. నాయిన అది గమనించి దగ్గరికి వెళ్ళాడు.

"ఏమంటుండు యాకూబ్?"

ఇంజినీరు సాబ్‌కు వచ్చింది నాలుగు ముక్కల ఇంగ్లీషు, యాకూబ్‌కు వచ్చింది అంతకన్నా తక్కువ. మిగిలిందంతా చేతులతో నడిచేది.

"వాళ్ళ ఊర్ల గూడ గిట్లనే ఆకు కోస్తరంట అన్నా. ఆడోళ్ళే కోస్తరంట."

"బీడీలకా?"

"కాదన్నా, చాయ్‌కు. గా సీసాల ఉన్నది గదే."

"చాయ్ ఆకు నల్లగుంటది కదా. గిదేంది గింత పచ్చగుంది? మంచిగ ఎండకముందే ఎత్తిండ్రా ఏంది?"

యాకూబ్ పగలబడి నవ్వి, ఆ మాట ఎలా చెప్పాడో ఏమో, ఇంజినీరు సాబ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే సీసా మూత తిప్పి నాయిన ముఖం ముందు పెట్టాడు. నాయిన వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఆ సీసా నాకూ అందించాడు. పచ్చి పెసలు దోరగా వేగుతున్నప్పటి వాసన, దాని వెనక తొలివాన పడ్డ గడ్డి వాసన. పాలు లేవు, చక్కెర లేదు, ఘాటు లేదు.

"యాకూబ్, మా ఇంటామెకు పాలవాసన పడ్తలేదని చెప్పు. ఏం తిన్నా నిలుస్తలేదని చెప్పు. గీ నీళ్ళు తాగొచ్చునా, అడుగు."

యాకూబ్ కడుపు మీద చెయ్యి పెట్టుకుని, వాంతి అయినట్టు నటించి, మంచం మీద పడుకున్నట్టు తల వాల్చి చూపించాడు. పిల్లలు మళ్ళీ నవ్వారు. ఇంజినీరు సాబ్ ఈసారి నవ్వలేదు. జీపు దగ్గరికి వెళ్ళి తన సంచిలోంచి ఒక రేకు డబ్బా తీసుకొచ్చి నాయిన చేతిలో పెట్టాడు.

"ఒట్టి కడుపున వద్దంట అన్నా, ముందుగాల ఒక ముద్ద అన్నమన్నా పెట్టాలంట. పాలొద్దు, చక్కెరొద్దు, మరిగిచ్చుడైతే అసల్కే వద్దంట. నీళ్ళు కాగినంక జర చల్లబడనియ్యాలంట."

"జర అంటే ఎంత?"

ఆ ప్రశ్నకు ఇంజినీరు సాబ్ ఆలోచించాడు. జీపులోంచి తన ఫ్లాస్కు తెచ్చి, సీసాలోకి వేడినీళ్ళు పోసుకుని, నాయిన అరచేతిని లాగి ఆ గాజు మీద ఆనించాడు. నాయిన చటుక్కున తీసేశాడు. కొంచెం ఆగి మళ్ళీ ఆనించాడు. ఈసారి చెయ్యి ఓర్చుకుంది. ఇంజినీరు సాబ్ తల ఊపాడు. ఇద్దరికీ అర్థమైపోయింది. వెళ్ళేటప్పుడు నాయిన ఒక తునికాకు కట్ట ఇవ్వబోతే, ఒక్క ఆకు మాత్రం తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం టీ పెట్టింది నేనే. మరిగించొద్దని చెవులారా విన్నాను. అయినా నాయినమ్మ పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని, "మూడు పొంగులు రాంది ఆకుల సారం దిగుతదా? వాళ్ళ దేశంల కట్టెలు దొరకవేమో, అందుకని మరిగియ్యరు" అని అంటుంటే, ఎన్నో ఏళ్ళుగా ఆ వంటింట్లో జరిగిందే నా చేతులూ చేశాయి. మూడు పొంగులు రానిచ్చాను. వచ్చింది ముదురు రంగు చేదు కషాయం. అమ్మ ఒక గుక్క మింగి, మంచం కోడు పట్టుకుని మొత్తం కక్కేసింది. నాయినమ్మ "గడ్డి నీళ్ళు" అని గొణిగింది. నాయిన వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ అంతా చూశాడు. తడికాళ్ళతోనే వంటింట్లోకి వచ్చాడు. ఆయన ఆ గడప దాటి లోపలికి రావడం నేనెప్పుడూ చూడలేదు. దూలం ఎంత కిందికి ఉంటుందో తెలియక తల కొట్టుకున్నాడు కూడా.

"జరుగు బిడ్డా," అన్నాడు.

"మొగోడు పొయ్యి కాడ కూసునుడేంది? ఊరోళ్ళు చూస్తే నవ్వుతరు," అంది నాయినమ్మ.

"నవ్వనియ్యే అమ్మా. ఇది పొయ్యి పని గాదు, ఆకు పని. ఆకు పని నాది."

నీళ్ళు కాగాక దించి ఇత్తడి చెంబులో పోశాడు. చెంబు చుట్టూ అరచెయ్యి ఆనించి, తీసి, మళ్ళీ ఆనించి, చెయ్యి నిలిచే దాకా కూర్చున్నాడు. ఆకు వేసిన గ్లాసులోకి అప్పుడు పోశాడు. గ్లాసులో ఆకులు లేచి నిలబడుతుంటే, కల్లంలో కూలివాళ్ళ పని చూసినట్టు వాటినే చూస్తూ ఉన్నాడు. ఇంజినీరు సాబ్ చెప్పినట్టు నేను మెత్తటి అన్నం ఒక ముద్ద అమ్మ నోట్లో పెట్టాను. నాయిన గ్లాసు పట్టుకున్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని తాగింది. మేమందరం ఆమె గొంతు వైపే చూస్తున్నాం. ఏమీ కాలేదు. కాసేపటికి పెదాలు తడుపుకుని, "తాగినప్పుడు చేదుంది, ఇప్పుడు నోరు తియ్యగయితుంది. ఉసిరికాయ తిని నీళ్ళు తాగినట్టు" అంది. నాయిన అదే ఆకు మీద రెండోసారి నీళ్ళు పోసి తెచ్చాడు. మొదటి దానికన్నా అదే బాగుందని అంది. అందులో అడుగున మిగిలింది నేనూ నాయినా చెరో గుక్కెడు తాగాం. నేను మొదటిసారి రుచి చూసిన గ్రీన్ టీ అదే. ఆ పేరు అప్పటికి మాకు తెలియదు. మా ఇంట్లో అది ఆకు చాయ్.

ఆ రోజు నుంచి నాయిన కల్లానికి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పొయ్యి ముందు కూర్చునేవాడు. అమ్మ మంచం నడవలో ఉండేది. అక్కణ్ణుంచి ఆమెకు పొయ్యి కనిపించదు, చప్పుళ్ళు మాత్రం వినిపిస్తాయి. కట్టె చిటపట, నీళ్ళ సలసల, చెంబులోకి పోసిన చప్పుడు, ఆ తరవాత కాసేపు ఏమీ వినిపించదు. ఆ కాసేపట్లో అమ్మ ముఖం చూస్తుండేదాన్ని. జడ నిమురుకునేది, కొంగు సర్దుకునేది, ఎవరో చుట్టాలు వస్తున్నట్టు.

"ఏమయ్యా, చాయ్ హోటల్ గిట్ల పెడతవా ఏంది?" అని లోపలికి కేకేసేది.

"పెడితే నీ ఒక్కదానికే."

"గిరాకీ లేక మూతబడ్తది పో."

"నువ్వు దినాం తాగు, నడుస్తది."

ఇంత మాట్లాడుకోవడం అంతకు ముందు నేను వినలేదు. టీతో పాటు ఒక ముద్ద, రెండు ముద్దలు, కొంచెం చారు లోపలికి పోవడం మొదలైంది. అయినా ఆ టీ లేకుండా ముద్ద పెడితే నిలిచేది కాదు. అమ్మ ప్రాణం ఆ డబ్బాలో ఉన్నట్టే అనిపించేది. నాయిన రోజూ డబ్బా ఊపి చూసేవాడు.

ఎండలు ముదిరాయి. డబ్బాలో ఆకు సగానికి దిగింది. ఒకరోజు నాయిన చిటికెడు తీయబోతే వేళ్ళ మధ్య అది పొడిపొడి అయింది. ముఖం మారిపోయింది. మర్నాడు మళ్ళీ అంతే. కల్లంలో అలా పొడి అయ్యే ఆకు అంటే చచ్చిపోయే ఆకు అని అర్థం. టీ ఆకు అలా పెళుసుగానే ఉండాలని, తేమే దానికి శత్రువని ఆయనకు ఎవరు చెబుతారు? ఆ రోజు డబ్బా సంచిలో వేసుకుని కల్లానికి పట్టుకుపోయాడు. "దేనికి నాయినా?" అంటే, "పదును చెయ్యాలె బిడ్డా, లేకుంటే అంత పిండి అయిపోతది" అన్నాడు. ఆకును పాత బట్ట మీద పరిచి, వేపరెమ్మతో నాలుగు చుక్కలు చిమ్మి, గోనెలో చుట్టి, పదునుకు పెట్టిన తునికాకు కట్టల మధ్య ఉంచి వచ్చాడు. ఎంత ప్రేమగా చేశాడో నేను చూశాను.

మర్నాడు పొద్దున కల్లంలో ఆయన ఆ మూట విప్పేటప్పుడు పక్కనే ఉన్నాను. ఆకు మెత్తబడింది, అనుకున్నట్టే. రంగు మాత్రం పచ్చదనం పోయి బీడీ రంగుకు తిరిగింది. నాయిన గుప్పెట్లోకి తీసుకుని వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. "వాసన చూడు బిడ్డా," అని నా ముందు పెట్టాడు. వేయించిన పెసలు లేవు, తొలివాన గడ్డి లేదు. గోనె, తునికాకు, ఎండిన ఇసుక. మా కల్లం వాసన. నా ముఖంలో ఆయనకు జవాబు దొరికినట్టుంది. ఆకునంతా నీడలో పరిచి ఆరబెట్టమని నాకు చెప్పి, సైకిలెక్కి గెస్ట్ హౌసుకు పోయాడు. పొద్దు తిరిగాక వచ్చాడు. ఆ బృందం పని ముగిసి మొన్ననే వెళ్ళిపోయిందని యాకూబ్ చెప్పాడట. ఊళ్ళో కొట్లన్నీ అడిగాడట, పచ్చ చాయ్ ఆకు ఉందా అని. అందరూ ఎగాదిగా చూశారట.

"మీ అమ్మకు చెప్పకు," అన్నాడు. "పోసి చూస్త. నిలిస్తే నిలిచింది. లేకుంటే రేపు పొద్దున ఖమ్మం తీస్కపోదాం."

ఆ సాయంత్రం నాయిన ఎప్పటిలాగే చెంబు పట్టి నీళ్ళు పోశాడు. గ్లాసులో నీళ్ళు పెసరకట్టు రంగుకు రాలేదు, నూతి అడుగు నీళ్ళలా గోధుమరంగుకు తిరిగాయి. మామూలుగా తనే మంచం దగ్గర కూర్చునేవాడు. ఆ రోజు గ్లాసు అమ్మ చేతికి ఇచ్చేసి, గుమ్మం దగ్గరికి పోయి, మా వైపు సగం వీపు పెట్టి నిలబడ్డాడు. అమ్మ ముద్ద మింగి, గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చి ఆగింది. నాయిన వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ గ్లాసులోకి చూసింది. నేను తల వంచుకున్నాను. గ్లాసు ఖాళీ చేసే దాకా ఎక్కడా ఆగకుండా తాగింది.

"ఇయ్యాల ఇంకింత మంచిగుంది," అంది. "అడివి వాసన వస్తుంది. గీ ఎండాకాలం నేను కల్లం మొఖమే చూడకపోతిని. రెండో నీళ్ళు పొయ్యి."

నాయిన గబగబా వంటింట్లోకి పోయాడు, మళ్ళీ దూలానికి తల కొట్టుకుంటూ. ఆ రాత్రి అన్నంలోకి పచ్చిపులుసు అడిగి మరీ తిన్నది అమ్మ. డబ్బాలో ఆకు అయిపోయే నాటికి ఆ చాయ్ లేకుండానే అన్నం తినడం మొదలుపెట్టింది. మృగశిర వానలు పడేసరికి గాజులు మళ్ళీ వేసుకుంది. ఆ తరవాత ఒక పొద్దున, నేను లేచేసరికి ఇల్లంతా పాలు, అల్లం వాసన. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. సత్తుగిన్నెలో టీ పొంగుతోంది. నాయినమ్మ ఇత్తడి గిన్నె పట్టుకుని సిద్ధంగా ఉంది. నాయిన నులక మంచం మీద కూర్చుని, కొంచెం సిగ్గుపడుతున్నట్టే, "ఓయ్" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. అంతా మునుపటిలా అయినందుకు ఎంత సంతోషించామో. అమ్మ మాత్రం గ్లాసు ఆయనకు అందించి, తిరిగి వస్తూ, గూట్లో బోర్లించిన చెంబు వైపు ఒకసారి చూసింది. నాయిన మళ్ళీ ఎప్పుడూ పొయ్యి దగ్గర కూర్చోలేదు. ఆకు లేదు కదా, ఆయన పనేముంది?

నాయిన పోయి చాలా ఏళ్ళయింది. నాయినమ్మ అంతకు ముందే పోయింది. కల్లాలు ఇప్పుడు తగ్గాయి, అడవి కూడా ఊరికి దూరం జరిగింది. గ్రీన్ టీ మాత్రం దగ్గరికి వచ్చింది. మా వీధి చివర కిరాణా కొట్లో తేనె కలిపింది, నిమ్మ కలిపింది, తులసి కలిపింది వరసగా పేర్చి ఉంటుంది. నేను తాగుతాను. నీళ్ళ వేడి సరిగ్గా కుదురుతుంది, చేదు ఎక్కదు, ఏ లోపమూ ఉండదు. తాగడం అయిపోయాక ఏం తాగానో గుర్తుండదు. ఆ వేసవిలో మా ఇంట్లో భయం ఉండేది, కానీ ఆ గ్లాసు ఎవరు ఎవరి కోసం పట్టుకున్నారో తెలుస్తుండేది. ఆ రోజులు తిరిగి రావాలని కోరుకుంటే అమ్మ జబ్బును కోరుకున్నట్టే. అందుకని ఆ కోరిక ఎప్పుడూ పైకి అనలేదు. ఆమెకు కూడా అదే కోరిక ఉందేమోనని నాకు తోచలేదు, ఇది కాదు అని గ్లాసు పక్కన పెట్టే దాకా.

డబ్బాలో సగం ఆకు దాచి పెట్టి వేసవి దాకా ఆగాను. ఊళ్ళో ఉన్న మా చిన్నాయిన కొడుక్కి ఫోన్ చేసి, నాలుగు తునికాకు కట్టలు, ఒక వాడిన గోనెసంచి పంపమన్నాను. "ఏందక్కా, గీ వయసుల బీడీలు చుడతవా?" అని ఎగతాళి చేసి, అటు వస్తున్న బస్సులో పంపాడు. మా వీధిలో వేపచెట్టు ఉంది. రెమ్మ తుంచుకొచ్చి, నీళ్ళలో ముంచి, గాలిలోకి విదిలించి, నాయిన చిమ్మినట్టే చిమ్మాను. గోనెలో చుట్టి కట్టల మధ్య పెట్టాను. అంత దూరం నుంచి తెచ్చిన మంచి ఆకును చేతులారా పాడుచేస్తుంటే, ఇచ్చిన అబ్బాయి ముఖం గుర్తొచ్చి నవ్వొచ్చింది. పొద్దున నీడలో ఆరబెట్టాను. కెటిల్ పక్కన పెట్టి, నాయిన చెంబు దేవుడి గూట్లోంచి తీశాను. నీళ్ళు పోసి అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. అమ్మ వరండాలో ఉంది.

గ్లాసు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఈసారి చాలాసేపు పెట్టుకుంది. ఒక గుక్క తాగింది.

"నీళ్ళు ఎక్కువ చల్లినవే," అంది. "మీ నాయిన గింత చల్లలే."

నేను పక్కన కూర్చుని అడిగాను. "నీకు తెల్సా అమ్మా? నాయిన పదును చేసిండని?"

"ఎట్ల తెల్వదు? ఎన్నేండ్లు ఆ సంచుల మూతులు కుట్టిన. గోనె వాసన నాకు తెల్వదా?"

"మరి చెప్పలేదేంది? ఆయన చచ్చేదాక భయపడ్డడు, ఆ చాయ్ పాడుచేసిన్నని."

అమ్మ ఇంకో గుక్క తాగింది. వీధిలో ఎవరో పోతుంటే చూసింది. ఆ తరవాత నా వైపు తిరిగింది.

"చెప్తే, మల్ల తెల్లారి వచ్చి పొయ్యి ముందట కూసుండేటోడా?"

గ్లాసు నా చేతికిచ్చింది. అడుగున ఆకులు గోధుమరంగులో తడిసి పడుకుని ఉన్నాయి.

"రెండో నీళ్ళు పొయ్యి," అంది. "చెంబు చల్లారనియ్యి ముందు."